మూడో కమాను

ఫోను మూడోసారి మోగేసరికి డాక్టరమ్మకు ఉండబట్టలేదు. అది కోడలి ఫోను. కోడలు స్నానాల గదిలో ఉంది. కొడుకు వంటింట్లో మిక్సీ హోరులో మునిగి ఉన్నాడు. పరాయి ఫోను ఎత్తడం తప్పే. కానీ ముప్పై ఏళ్ళపాటు మోగిన ప్రతి ఫోనూ ఎవరిదో పంటినొప్పి అయిన మనిషి, పక్కన ఫోను మోగుతుంటే చేతులు కట్టుకుని ఎలా కూర్చుంటుంది? ఎత్తింది.

"నమస్తే మేడమ్, మా బ్రిడ్జి సంగతండీ," అంది అవతలి గొంతు కంగారుగా. "పగులిచ్చింది. కదులుతోందని కూడా అంటున్నారు."

డాక్టరమ్మ వెన్ను నిటారైంది. ఆ మాట విని ఆర్నెల్లయింది. "ఏ వైపు?"

"ఎడమ వైపండీ."

"బరువు పడితేనే కదులుతోందా, ఊరికే కూడానా?"

"అదే తెలియడం లేదండీ."

"పెట్టి ఎన్నాళ్ళయింది?"

"నూట యాభై ఏళ్ళంటారండీ. ఇంకా ఎక్కువే ఉండొచ్చు."

డాక్టరమ్మ ఫోను చెవి దగ్గర నుంచి తీసి, దాని మొహం ఒకసారి చూసి, మళ్ళీ చెవిన పెట్టుకుంది. "ఎవరి బ్రిడ్జి అండీ అది?"

"మా ఊరిదండీ! ఏటి మీద బ్రిడ్జి. నేను మున్సిపల్ ఇంజనీర్ని."

తల తుడుచుకుంటూ వచ్చిన కోడలికి ఫోను అందించి, డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వాపుకుంది. ఇంట్లో ఇద్దరిదీ బ్రిడ్జిల పనే. ఒకరు పళ్ళ మధ్య ఖాళీ మీద కట్టేవారు, ఒకరు ఏరుల మీద కట్టినవి పరీక్షించేవారు. వేళ్ళు సన్నగా వణకడం మొదలయ్యాక డాక్టరమ్మ తన క్లినిక్ మూసేసి కొడుకు దగ్గరికి వచ్చింది. వణికే చేతిని ఇంకొకరి నోట్లో పెట్టడం ఆమె వల్ల కాలేదు. అత్తాకోడళ్ళ మధ్య గొడవలు లేవు. గొడవపడేంత మాటలూ లేవు. "తిన్నారా అత్తయ్యా?" "ఆఁ, తిన్నాను. నువ్వు?" ఇంతటితో పూట గడిచిపోయేది. కోడలు వంతెనల బొమ్మలు గీస్తుందని మాత్రమే ఆమెకు ఎరుక.

ఆ సాయంత్రం మాత్రం అడిగేసింది. "పగిలిన బ్రిడ్జిని ఎలా చూస్తావమ్మాయ్?"

కోడలు కాస్త ఆశ్చర్యపోయింది. "దగ్గరికెళ్ళి చూస్తామత్తయ్యా. తట్టి చూస్తాం."

"తట్టా?"

"సుత్తితో. చప్పుడు వింటాం."

డాక్టరమ్మ మరి ఆగలేకపోయింది. "నేనూ రానా?"

వంటింట్లోంచి కొడుకు అందుకున్నాడు. "తీసుకెళ్ళు. అక్కడన్నీ నోరు తెరుచుకుని ఉండేవే. అమ్మకి తోచకపోవడం ఉండదు."

* * *

వంతెనకు మూడు కమానులు, ఏటి మధ్య రెండు లావుపాటి రాతి స్తంభాలు. రోడ్డు మీద నుంచి చూస్తే ఏమీ లేదు, ఇటూ అటూ పిట్టగోడలు, మధ్యలో గతుకులు. కిందికి దిగితే వేరే లోకం. ఎడమ కమాను కింద, నడిమి కమాను కింద నీళ్ళు పోతున్నాయి. కుడివైపు మూడో కమాను కింద చుక్క నీరు లేదు. ఇసుక మేట వేసి, గట్టిపడి, ఎవరి గది నేలలాగో చదునుగా ఉంది. ఆ నీడలో ఒక సైకిలు రిపేరు కొట్టు, చదరంగం ఆడే నలుగురు ముసలాళ్ళ బల్ల, తాళాలు బాగుచేసే ఒకాయన పెట్టె. పైన ఎండ మాడుతుంటే ఇక్కడ చల్లగా, ఏటి గాలి.

తాళాలాయన డాక్టరమ్మకు ఎత్తుపీట వేశాడు. "కూర్చోండమ్మా. ఇది గట్టి కమాను. భయమంతా ఆ ఎడమవైపు దానితోనే."

ఆమె కూర్చుని అతని మొహంలోకి చూసింది. "నువ్వు తాళంచెవులు పళ్ళ మధ్య పట్టుకుంటావు కదూ?"

అతను నోరు వెళ్ళబెట్టాడు. దాంతో ముందరి పంటికున్న నొక్కు ఇంకా బాగా కనపడింది. "మీకెలా తెలుసు?"

"నోట్లో వేలు పెడితే కొరకని వాళ్ళంటూ ఉంటారని వినడమే గానీ, నేను వేలు పెట్టిన ప్రతివాడూ కొరికినవాడేనయ్యా. పళ్ళు చూస్తే మనిషి పని తెలిసిపోతుంది."

ఈలోగా మున్సిపల్ ఇంజనీరు వచ్చాడు. సన్నటి మనిషి. నిద్రలేని కళ్ళు. ఎడమ కమాను కింద పరంజా కట్టించి ఉంచాడు. కోడలు నెత్తిన టోపీ పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. డాక్టరమ్మ గట్టున నిలబడితే వినపడదని, ఇంకో టోపీ అడిగి పుచ్చుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ వెనకే ఎక్కింది. కోడలు వద్దనబోయి, ఆమె మొహం చూసి ఊరుకుంది.

కమాను పొట్ట తల మీద జానెడు ఎత్తులో ఉంది. కోడలు చిన్న సుత్తితో ఒక రాయిని తట్టింది. ఖంగుమంది. పక్కది ఖంగుమంది. ఆ పక్కది, పైది. ఒకచోట మాత్రం చప్పుడు మట్టికుండ మీద కొట్టినట్టు మందంగా వచ్చింది. కోడలు అక్కడ సుద్దతో సున్నా చుట్టింది.

"లోపల వదులు," అంది డాక్టరమ్మ.

కోడలు తిరిగి చూసింది.

"అద్దం పిడితో పన్ను తట్టి మేమూ వింటాంగా. వేరు దగ్గర చీముంటే ఇలాగే పలుకుతుంది."

"ఇక్కడ సందుల్లో సున్నం రాలిపోయింది, అంతే. మళ్ళీ నింపితే సరిపోతుంది," అంది కోడలు. ఆ గొంతులో ఇంట్లో లేని చనువేదో వినపడింది.

ఇక అసలు పగులు. స్తంభం దగ్గర మొదలై, రాళ్ళ సందుల వెంట మెట్లు మెట్లుగా ఎక్కుతూ కమాను నడినెత్తి దాకా పోయింది. వేలు దూరదు గానీ గోరు దూరుతుంది. దానికి అడ్డంగా ఇంజనీరు సన్నటి గాజు పట్టీలు అతికించాడు. రెండు కొసలూ పగులుకు చెరోవైపు సిమెంటులో ఇరికి ఉన్నాయి. పగులు కదిలితే ముందు గాజు పగులుతుంది. ఒక పట్టీ పగిలి ఉంది.

"లారీలండీ," అన్నాడతను కింద నుంచి. "రోజంతా ఇసుక లారీలు. ఊరు రెండుగా చీలిపోయింది. మూసెయ్యమని సగం మంది, మూస్తే చుట్టూ తిరిగి చావాలా అని సగం మంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను."

కోడలు టార్చి వేసి, భూతద్దం పెట్టి పగులు వెంట చూస్తూ పోయింది. తర్వాత అత్తగారిని దగ్గరికి పిలిచింది. "ఇది చూడండి."

పగులు పొడవునా తెల్లటి పెచ్చు కట్టి ఉంది, గట్టిగా, కొవ్వొత్తి కారి గడ్డకట్టినట్టు.

"గార," అంది డాక్టరమ్మ వెంటనే.

"మీ గార అంటే?"

"పళ్ళకి పట్టే గార."

"ఇదీ గారే!" కోడలు ఫక్కున నవ్వింది. "రాళ్ళ మధ్య సున్నం వాన నీళ్ళలో కరిగి, కారి, ఇక్కడ ఆరిపోయింది. ఇంత మందం కట్టాలంటే ఏళ్ళూ పూళ్ళూ కావాలి. అంటే ఈ పగులు మీరూ నేనూ పుట్టకముందుది. కట్టిన కొత్తలో వంతెన సర్దుకున్నప్పుడు వచ్చి ఉంటుంది. అప్పట్నుంచి నిద్రపోతోంది."

"నిద్రపోయేదైతే గాజెందుకు పగిలింది?"

కోడలు నవ్వు ఆగిపోయింది. భూతద్దం మళ్ళీ పెట్టింది. స్తంభానికి దగ్గరగా, ఆ తెల్లటి పెచ్చులో వెంట్రుకంత గీత ఒకటి, కొత్తది, అంచులు ఇంకా తెల్లగా మెరుస్తున్నాయి.

"అదే నాకూ తెలియాలి," అంది.

* * *

అతిథి గృహంలో రెండు మంచాలు, ఒక బల్ల, తిరిగినప్పుడల్లా కిచకిచమనే ఫ్యాను. కోడలు లాప్‌టాప్ ముందు కూర్చుని లెక్కలు చేస్తోంది. డాక్టరమ్మ టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని పక్కన చేరింది.

"ఆ రాళ్ళని పట్టి ఉంచేదేమిటమ్మాయ్? సున్నం రాలిపోయిందంటివి. ఇనుము లేదంటివి. మరి పడవేం?"

కోడలు బల్ల మీద చూసింది. అత్తగారి కళ్ళజోడుకు కట్టిన గొలుసు కనపడింది. "ఇది తీసుకోనా?" దాని రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని మధ్యలో వదులుగా వదిలింది. గొలుసు మెత్తగా వంగి వేలాడింది.

"ఇందులో ప్రతి లంకె పక్కదాన్ని లాగుతోంది. ఎక్కడ వంగాలో గొలుసుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఈ వంపుని తలకిందులుగా ఊహించండి. లాగడం కాస్తా తొయ్యడమవుతుంది. ప్రతి రాయీ పక్కరాయిని తోస్తుంది. ఆ తోపు రాళ్ళ మందం లోపలే ఉన్నంతసేపు కమాను పడమన్నా పడదు. పైన బరువుంటే ఇంకా బిగుస్తుంది."

"మరి ఆ చివర రాళ్ళో? అవి ఎవరిని తోస్తాయి?"

"స్తంభాన్ని. స్తంభం నేలని."

డాక్టరమ్మ గొలుసు తీసుకుని తనూ పట్టుకుంది. వేళ్ళ వణుకుకు గొలుసు అలలా కదిలింది గానీ వంపు పోలేదు. ఒక చెయ్యి కాస్త కిందికి దించి చూసింది. వంపు రూపం మారిపోయింది. కోడలు ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"లెక్క ప్రకారం లారీ ఈ వంతెనని ఏమీ చెయ్యలేదు," అంది చివరికి. "రేపు నిజంగా ఎక్కించి చూద్దాం."

మర్నాడు బండ్లన్నీ ఆపేశారు. పగిలిన గాజు పీకేసి, పగులు పొడవునా కొత్తవి అతికించారు. కమాను కింద గడియారాల్లాంటి మీటర్లు బిగించారు. వెంట్రుకంత కదలికకు కూడా వాటి ముల్లు తిరుగుతుంది. నిండా ఇసుక నింపిన లారీని నడక కన్నా నెమ్మదిగా వంతెన మీదికి నడిపారు. ఊరంతా రెండు గట్ల మీదా చేరింది. తాళాలాయన పెట్టె మూసి వచ్చాడు. మున్సిపల్ ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు.

లారీ ఎడమ కమాను నెత్తిన ఆగింది. ముల్లు ఒక్క గీత కదిలింది. లారీ దాటింది. ముల్లు ఉన్నచోటికి వచ్చేసింది. ఇంకోసారి, ఇంకా బరువుతో. అదే ఒక్క గీత. ఒక్క గాజూ చెక్కుచెదరలేదు.

"ఇంతేనా?" అన్నాడెవరో నిరాశగా.

"ఇంతే," అంది కోడలు. మున్సిపల్ ఇంజనీరు మొహం విప్పారింది. కోడలి మొహం మాత్రం విప్పారలేదు. "ఈ రాత్రికి కూడా బండ్లు వదలొద్దు. పొద్దున్న ఇంకోసారి చూసి చెబుతాను."

పొద్దున్నే పరంజా ఎక్కిన మనిషి కేక పెట్టాడు. స్తంభం పక్క గాజు పగిలింది.

రాత్రంతా వంతెన మీద బండి కాదు కదా, పిల్లి కూడా నడవలేదు. రెండు వైపులా అడ్డు కట్టి, కాపలా ఉన్నారు. బరువైన లారీకి పగలని గాజు, ఏ బరువూ లేకుండా పగిలింది. చదరంగం ముసలాళ్ళలో ఒకాయన దయ్యం అన్నాడు. ఇంకొకాయన, దయ్యానికి ఇసుక లారీ అంత బరువుంటుందా అని అడ్డు తగిలాడు. వాళ్ళిద్దరి వాదం అలా సాగుతుండగా కోడలు పైకి వెళ్ళి గాజు ముక్కల్ని తాకకుండా చాలాసేపు చూసింది.

"పగులు వెడల్పు కాలేదు," అంది దిగి వచ్చి. "అటు ముక్క ఇటు ముక్కకన్నా కిందికి దిగింది. స్తంభం వైపు ముక్క."

డాక్టరమ్మ ఏటి అంచున నిలబడి నీళ్ళకేసి చూస్తోంది. "అమ్మాయ్, నిన్న ఆ స్తంభానికి ఆ నల్లరాయి పొడిగా ఉంది. నేను సాయంత్రమంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇవాళ తడిసి ఉందేం?"

కోడలు చూసింది. నీళ్ళు ఇప్పుడు కిందే ఉన్నాయి. కానీ స్తంభం చుట్టూ, నీటికి మూరెడు ఎత్తున, తడి చార.

"పై ఆనకట్ట నుంచి తెల్లవారుజామున నీళ్ళు వదులుతారండీ అప్పుడప్పుడు," అన్నాడు మున్సిపల్ ఇంజనీరు. "కాసేపుండి తీసేస్తుంది. దానివల్ల ఎప్పుడూ ఏమీ..." అని ఆగిపోయాడు.

"ముందు గాజు పగిలిన రోజు కూడా వదిలారేమో కనుక్కోండి," అంది కోడలు. "ఈలోగా నాకొక గజ ఈతగాడు కావాలి."

* * *

గజ ఈతగాడు మునిగాడు. నడుముకు తాడు. తాడు కొస గట్టున ఇద్దరి చేతుల్లో ఉంది. బుడగలు స్తంభం పక్కన కాసేపు ఒకేచోట లేచాయి, తర్వాత స్తంభం కిందికి పోయినట్టు మాయమయ్యాయి. కాసేపటికి మళ్ళీ కనపడ్డాయి.

అతను పైకి వచ్చి మొహం తుడుచుకున్నాడు. "మేడమ్, కింద నేల లేదు."

"లేదంటే?"

"స్తంభానికి ఎగువ పక్క కింద ఖాళీ. చెయ్యి పెట్టాను, అందలేదు. కాళ్ళు పెట్టాను, నడుం దాకా పోయాను."

"ఎవరు పెట్టమన్నారు నిన్ను!" కోడలి అరుపుకు చదరంగం ముసలాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. "ఆ రాళ్ళలో ఒక్కటి జారితే ఏం చేద్దామనుకున్నావు? కర్రతో కొలవమన్నాను కదా!"

అతను తల గోక్కున్నాడు. ఇంట్లో గొంతెత్తని కోడలు ఇలా కూడా అరవగలదని డాక్టరమ్మకు అప్పుడే తెలిసింది. ఆ అరుపు ఆమెకు నచ్చింది.

కర్రతో కొలిపించి, ఆ సాయంత్రానికల్లా కోడలు తేల్చింది. స్తంభం కింద మట్టిని ఏరు తవ్వేసింది. నీళ్ళు పెరిగినప్పుడల్లా ఇంకొంచెం. మొదటి గాజు పగిలిన రోజు కూడా ఆనకట్ట నీళ్ళు వదిలారట. స్తంభం ఆ ఖాళీలోకి వెంట్రుక వాసి కుంగుతోంది. దాన్ని పట్టుకుని నిలిచిన కమాను పాత పగులు దగ్గర విడుతోంది. లారీల పాపం లేదు. ఊరంతా తలెత్తి కమాను వైపు చూస్తుంటే, అసలు కథ కాళ్ళ కింద జరుగుతోంది.

"నీరు పల్లమెరుగు అంటారు," అంది డాక్టరమ్మ. "మరి ఇన్నేళ్ళూ ఎరగని పల్లం ఇప్పుడెలా ఎరిగింది? అవతలి స్తంభం కింద తవ్వలేదేం?"

కోడలు మూడో కమాను కింద గట్టి నేల మీద నిలబడి, మడమతో ఇసుకను రెండుసార్లు తొక్కింది. తాళాలాయన వైపు తిరిగింది. "ఇక్కడ ఎప్పుడూ నీళ్ళు లేవా?"

"మా నాన్న చిన్నప్పుడు పడవలు పోయేవంట ఇందులోంచి. ఏదో వరదకి చెట్టు కొట్టుకొచ్చి అడ్డం పడింది. దానికి ఇసుక పట్టింది. నాకు మీసాలు రాకముందే నేలైపోయింది. మేమే చదును చేసుకున్నాం." చివరి మాట గర్వంగా అన్నాడు.

కోడలు ఆ గర్వాన్ని విని, మాట ఎలా మొదలుపెట్టాలా అని ఒక క్షణం ఆగింది. "సినిమా హాలుకి మూడు తలుపులున్నాయనుకోండి. ఒకటి మూసేస్తే?"

"మిగతా రెంటి దగ్గర తోసుకుంటారు."

"ఏరూ అంతే. మూడు కమానుల నీళ్ళు రెంటిలోంచి పోవాలి. జోరు పెరిగింది. ఆ జోరుకి స్తంభం కింద మట్టి ఆగలేదు."

తాళాలాయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది. "అంటే నేనిక్కడ కూర్చున్నందుకు వంతెన కుంగుతోందా?"

"మీ వల్ల కాదు. మీ కింద ఇసుక వల్ల."

"నేను లేవకుండా ఆ ఇసుక ఎలా లేస్తుందమ్మా?"

మున్సిపల్ ఇంజనీరు నేల చూపులు చూశాడు. ఈ మేట మీద బెంచీలు వేయించి, దీపాలు పెట్టించింది ఆయనే. గట్టి కమాను ఇదేనని ఊరికి భరోసా ఇచ్చిందీ ఆయనే. "నేను పైకే చూశానండీ," అన్నాడు మెల్లిగా. "వంతెన మూసేయించి వస్తాను." వెళ్ళాడు.

అందరూ కదిలాక డాక్టరమ్మ ఎత్తుపీట లాక్కుని తాళాలాయన ఎదురుగా కూర్చుంది. అతను ఒక తాళాన్ని విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు, పనేమీ లేకపోయినా.

"నాకూ ఒక కుర్చీ ఉండేది," అంది ఆమె. "నేను కూర్చునేది కాదు, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేది. దాని చక్రం ఎటు తిప్పితే ఎంత లేస్తుందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. వదిలేశాను."

"ఎవరైనా లేవమన్నారా?"

"ఇదిగో, ఇది అంది." చెయ్యి చాపి చూపింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

అతను ఆ చేతిని చూశాడు. చూడనట్టు తల తిప్పుకోలేదు. అది ఆమెకు హాయిగా అనిపించింది. "వదిలాక ఏం చేస్తున్నారు?"

"వాళ్ళవీ వీళ్ళవీ ఫోన్లు ఎత్తుతున్నాను."

అతను పెద్దగా నవ్వాడు. నవ్వుతుంటే నొక్కు పన్ను మెరిసింది. "ఇక్కణ్ణుంచి లేస్తే వంతెన మొదట్లో కూర్చోవాలి, అక్కడ ఎండమ్మా. అదే నా బాధ. కమాను కింద చల్లదనం పైన ఎక్కడ దొరుకుతుంది?"

వంతెన మొదట్లో రేకుల నీడ వేయించి ఇస్తేనే ఇసుక ఎత్తాలని మున్సిపల్ ఇంజనీరుతో డాక్టరమ్మే వాదించింది. కోడలు తన నివేదికలో ఇలాంటివి రాయకూడదంటే, "నువ్వు రాయకు, నేను అరుస్తాను," అంది. అరిచింది. నీడ పడింది.

* * *

ఏరు సన్నబడ్డ ఎండల్లో పని మొదలైంది. ఎడమ స్తంభం చుట్టూ మట్టికట్ట వేసి నీళ్ళు తోడేశారు. కింద ఖాళీలోకి కాంక్రీటు నింపి, చుట్టూ బండరాళ్ళు పేర్చారు. గాజులు అలాగే ఉన్నాయి. వారాలు గడిచాయి, ఒక్కటీ పగల్లేదు. సందుల్లో సున్నం మళ్ళీ నింపారు. పాత పగులును కోడలు పూర్తిగా పూడ్చనివ్వలేదు. అది కదిలితే కనపడాలని గాజులతోనే వదిలేసింది.

మూడో కమాను కింద ఇసుక ఎత్తుతుంటే ఒకరోజు యంత్రం పళ్ళు ఠంగుమన్నాయి. పని ఆపి, పారలతో తీశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలే కబురు చెప్పింది. "అత్తయ్యా, కింద నేలుంది! రాతి నేల. ఈ స్తంభం నుంచి ఆ గట్టు దాకా పరిచారు. ఏరు తవ్వుతుందని కట్టినవాళ్ళకి తెలుసు. మూడు కమానుల కిందా పరిచి ఉంటారు. ఎడమవైపుది ఎప్పుడో జోరుకి లేచిపోయింది. రేపు నీళ్ళు వదిలేస్తాం. చూడాలంటే రేపే."

"ఇప్పుడే బయల్దేరుదామా?" అంది డాక్టరమ్మ. కొడుకు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తన కంచం తను తీసుకుని లేచాడు.

ఆ నేల మీద తెల్లారాక చెప్పులు విప్పి దిగారు. బల్లపరుపు రాళ్ళు, తడిగా, చల్లగా. చూసిన ప్రతి రాయి మూలా ఒక చిన్న గుర్తు చెక్కి ఉంది. ఒకదాని మీద దువ్వెనలాంటిది, ఒకదాని మీద చేపతోక, ఇంకోదాని మీద చంద్రవంక.

"ఎవరు చెక్కిన రాయికి వాళ్ళ గుర్తు అనుకుంటాను," అంది కోడలు.

డాక్టరమ్మ వంగి నడుస్తూ, వేలి కొసతో సందులు తడుముతూ పోయింది. దువ్వెన రాళ్ళ మధ్య వేలి మందం సున్నం ఉంది. చేపతోకలు ఒక మోస్తరు. చంద్రవంక రాళ్ళ దగ్గర ఆగిపోయింది. సందులో గోరు కూడా దిగలేదు.

"ఈ చంద్రవంకాయన చెయ్యి చూడవే," అంది. కోడలిని ఎప్పుడూ అలా పిలవలేదని ఆమె గమనించుకోలేదు. "దువ్వెనాయనకి ఇంటికి పోవాలని తొందర. ఈయనకి లేదు. నీళ్ళకింద పోయే రాయి, ఎవరు చూడొచ్చారులే అనుకోలేదు."

"మీరూ ఇంతేనా అత్తయ్యా? వెనక దవడ పన్ను ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. నాలుక్కి తెలుస్తుంది."

ఎగువ నుంచి మున్సిపల్ ఇంజనీరు కేక వినపడింది. మూడో కమానుకు అడ్డంగా వేసిన మట్టికట్టకు గండి కొట్టారు. తాళాలాయన పైన పిట్టగోడ మీదికి వంగి, "రండమ్మా, రండి! తడిసిపోతారు!" అని చేతులూపుతున్నాడు.

"అత్తయ్యా, పదండి."

"ఉండు, ఇదొక్కటి." డాక్టరమ్మ గట్టు దగ్గరి చివరి వరుసలో ఒక రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో మట్టి తుడుస్తోంది. గుర్తు కోసం నాలుగు మూలలూ తుడిచింది. సందులు నాలుగూ తడిమింది. ఒక్కదాంట్లో కూడా గోరు దిగలేదు.

మొదటి నీళ్ళు వచ్చాయి. ముందు పాము నాలుకలా సన్నగా, తర్వాత రాయి వెంట రాయి తడుపుతూ, నురగతో, ఎండుపుల్లలతో. ఆమె మోకాళ్ళు తడిశాయి. కోడలు నవ్వుతూ, భుజం కింద చెయ్యి వేసి లేవదీసింది.

"మరి దీనికి గుర్తు లేదేం?" అంది డాక్టరమ్మ, నీళ్ళలోకి చూస్తూ.

"తెలీదు," అంది కోడలు, తనూ వంగి చూస్తూ.